బైబిలు పట్టిక, శనివారం బట్వాడా

ఒంగోలు చుట్టుపక్కల ఇళ్లు కట్టే మేస్త్రీని నేను. లేబర్ కాంట్రాక్టు పని. అంటే సిమెంటు, ఇసుక, ఇనుము ఓనరు తెచ్చుకుంటాడు, మనుషుల్ని పెట్టి కట్టించే బాధ్యత నాది, చదరపు అడుక్కి ఇంత అని లెక్క. పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి. బాప్తిస్మం తీసుకుని కూడా పాతికేళ్లు దాటింది. ఆదివారం ఆరాధన మానను, కానుకలు మానను, ఉజ్జీవ కూడికలు ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చుని ఏడ్చేవాణ్ణి. ఆ కన్నీళ్లు దొంగ కన్నీళ్లు కావు. కాకపోతే సోమవారం పొద్దున సైటు మీదికి వెళ్లాక ఆ ఏడ్చిన మనిషి ఎక్కడా కనబడేవాడు కాదు. "మీకు మైకు ఉన్నచోటే దేవుడు గుర్తొస్తాడు" అనేది మా ఆవిడ. కోపం వచ్చేది గానీ ఎదురు చెప్పడానికి మాట దొరికేది కాదు.

ఇది సాక్ష్యం అనుకోండి, అనుభవం అనుకోండి. రోగం తగ్గడం, అప్పు తీరడం, అమెరికా వీసా రావడం లాంటివి ఇందులో లేవు. బైబిలును మొదటి పేజీ నుంచి వరసగా ఒక ఏడాది చదివితే ఒక మేస్త్రీ లెక్కల పుస్తకంలో ఏం మారిందో అదే రాస్తున్నాను.

ఆ ఏడు మొదలయ్యే ముందు రాత్రి, వాచ్‌నైట్ ఆరాధనలో, ఏడాదికి ఒక్కో వాక్యం రాసిన వాగ్దానం కార్డులతో పాటు పాస్టరు గారు ఒక పట్టిక పంచారు. పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధనలో 260, మొత్తం 1189. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే డిసెంబరు ఆఖరుకి అయిపోతుంది, రెండు మూడు రోజులు మిగులుతాయి కూడా. వాగ్దానం కార్డు నేను జేబులో పెట్టుకున్నాను. పట్టికను మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటించింది. అంటించినప్పుడే నా వైపు ఒక చూపు చూసింది, చూద్దాం ఎన్నాళ్లో అన్నట్టు.

అప్పటిదాకా నేను చదివింది తక్కువేం కాదు. 23వ కీర్తన, 91వ కీర్తన, 121వ కీర్తన నిద్రలో లేపినా చెబుతాను. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఆశీర్వాదం ఉన్న పేజీలన్నీ నలిగిపోయి, మిగతావి అచ్చాఫీసు నుంచి వచ్చినట్టే ఉండేవి నా బైబిల్లో. వరసగా చదవడంలో ఉన్న గుణం ఏంటంటే, ఏ రోజు ఏ వాక్యం ఎదురొస్తుందో మన చేతిలో ఉండదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం నాకు అలవాటే, గోడలకు నీళ్లు పెట్టే కుర్రాడికి ఫోన్ చేయాలి కాబట్టి. ఆ ఫోన్ అయ్యాక దాన్ని హాల్లో వదిలేసి వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకునేవాణ్ణి. బయటికి చదివేవాణ్ణి. మా ఆవిడకు కళ్లజోడు పెట్టుకుని చదివే తీరిక ఆ టైములో ఉండదు, పప్పు పోపు వేస్తూ వినేది. ఇలా బయటికి చదవడం మంచిదని తర్వాత తెలిసింది. మనసులో చదివితే నచ్చనివి కళ్లు దాటేస్తాయి. పక్కన వినేవాళ్లు ఉంటే దాటేయడం కుదరదు.

ఆదికాండం, నిర్గమకాండం పరుగెత్తినట్టు నడిచాయి. నిర్గమకాండం 5వ అధ్యాయంలో ఫరో ఇశ్రాయేలీయులకు గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదంటాడు. చదువుతూ నవ్వాను. మెటీరియల్ సగం తెచ్చి పని నిండా కావాలనే ఓనర్లు నాకు చాలామంది తెలుసు. ఆ పూట నన్ను నేను ఇటుకలు చేసేవాళ్ల వైపే లెక్క వేసుకున్నాను. వాళ్ల మీద కర్ర పట్టుకుని నిలబడ్డవాళ్ల వైపు కూడా మనం ఉండొచ్చని తట్టలేదు.

లేవీయకాండం దగ్గర చాలామంది ఆగిపోతారంటారు. మా సంఘంలో ఆ నెలలోనే సగం పట్టికలు ఫ్రిజ్‌ల మీంచి ఊడిపోయాయని విన్నాను. బలుల వివరాలు నాకూ బరువుగానే నడిచాయి. కానీ 14వ అధ్యాయంలో ఒకచోట లేచి కూర్చున్నాను. ఇంటి గోడలకు పచ్చగానో ఎర్రగానో చారలు పడితే ఏం చేయాలో అక్కడుంది. యాజకుడు వచ్చి చూడాలి, ఇల్లు ఏడు రోజులు మూసిపెట్టాలి, మళ్లీ వచ్చి చూడాలి, అది వ్యాపిస్తే ఆ రాళ్లు పీకేసి, లోపలంతా గీకించి, వేరే రాళ్లు పెట్టి కొత్త పూత పూయాలి. అప్పటికీ తగ్గకపోతే ఇల్లు పడగొట్టాలి. చెమ్మ ఎక్కిన గోడకు మేం చేసేదీ దాదాపు ఇదే. పైపైన పెయింటు కొట్టి ఇల్లు అప్పజెప్పేవాళ్ల గురించి మాత్రం మోషే ఏమీ రాయలేదు. ఆ పూట సైటుకు వెళ్లి కుర్రాళ్లకు ఇది చెబితే పడీపడీ నవ్వారు. వాళ్లలో హిందువులున్నారు, ఇద్దరు ముస్లిములున్నారు. "మీ బైబిల్లో ప్లాస్టరింగ్ కూడా ఉందా మేస్త్రీ" అని అడిగారు.

ఫిబ్రవరి ఆఖర్లో ద్వితీయోపదేశకాండం వచ్చింది. 22వ అధ్యాయంలో మరీ ఆశ్చర్యం. కొత్త ఇల్లు కట్టుకుంటే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడి చస్తే ఆ దోషం నీ ఇంటి మీదికి వస్తుంది అని ఆజ్ఞ. డబ్బు చాలక పిట్టగోడ తర్వాత చూద్దామనే ఓనర్లకు ఇప్పుడు ఈ వాక్యమే చెబుతాను. దేవుడికి నా పని తెలుసన్న ధీమా వచ్చింది నాకు. ఆ ధీమాతోనే రెండు అధ్యాయాలు ముందుకు వెళ్లాను.

24వ అధ్యాయం, 14, 15 వచనాలు. కూలివాడు నీ సహోదరుడైనా పరదేశి అయినా వాణ్ణి బాధపెట్టకూడదు. ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇవ్వాలి. వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. వాడు నీ మీద దేవునికి మొరపెడితే అది నీకు పాపమవుతుంది.

చదవడం ఆపాను. పోపు గరిటె చప్పుడు కూడా ఆగింది.

బయటివాళ్లకు అర్థం కావాలంటే మా పనిలో బట్వాడా ఎలా జరుగుతుందో చెప్పాలి. శనివారం సాయంత్రం తాపీలు, గమేళాలు కడిగి పెట్టాక అందరూ చేరతారు. హాజరు పుస్తకం తీసి, ఎవరికి ఎన్ని రోజులు, మధ్యలో ఎంత వాడుకున్నారు, ఎంత రావాలి అని చూస్తాం. కొత్తగా చేరినవాడికి మొదటి వారం నిండు కూలి ఇవ్వం. ఖర్చులకని కొంత చేతిలో పెట్టి మిగతాది ఆపుతాం. అలా ఆపింది ఎప్పుడూ ఒక వారం, రెండు వారాలు వెనక నడుస్తుంటుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, నేను కూలీగా ఉన్నప్పుడు నాకూ ఆపారు. కారణం కూడా అందరికీ తెలిసిందే. డబ్బు చేతిలో పడితే, ఇంకో మేస్త్రీ యాభై రూపాయలు ఎక్కువ ఇస్తానంటే, స్లాబ్ రేపనగా మనిషి మాయమవుతాడు. మా దగ్గర డబ్బు ఉంటే పోడు. ఇక మధ్యలో మానేసినవాడు ఆ మిగులు కోసం రెండు మూడుసార్లు తిరుగుతాడు. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి వచ్చినవాళ్లయితే తిరగడానికి కూడా ఉండదు, రైలెక్కేస్తారు. పుస్తకంలో పేజీ తిరిగిపోతుంది.

దీన్ని మోసం అని మాలో ఎవరూ అనుకోం. పని జాగ్రత్త అంటాం.

"మళ్లీ చదవండి" అంది మా ఆవిడ. చదివాను. కాసేపటికి తనే మాట్లాడింది. వాళ్ల నాన్న తాపీ పనికి మోత మోసేవాడు. "శనివారం రాత్రి మా నాన్న వట్టి చేతుల్తో వచ్చిన రోజులు నాకు తెలుసు. మేస్త్రీని ఒక్క మాట అనేవాడు కాదు. ఇంటికొచ్చి మా అమ్మని తిట్టేవాడు."

ఆ శనివారమే అందరికీ ఇచ్చేశాను అని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా జరగలేదు. మనసులో లాయరు లేచి కూర్చున్నాడు. అది ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ధర్మశాస్త్రం, మనం కృప కింద ఉన్నాం అన్నాడు. ఓనరు నాకు ఇవ్వకుండా నేనెక్కడి నుంచి తెచ్చేది అన్నాడు. సంపాదనలో పదో వంతు, దశమభాగం, సంఘానికి ఇస్తున్నావుగా అని కూడా అన్నాడు. యెహోషువ, న్యాయాధిపతులు ఈ వాదన నడుస్తుండగానే అయిపోయాయి, వాటిలో ఏం చదివానో సగం గుర్తు లేదు. ప్రార్థనలో కూర్చుంటే హాజరు పుస్తకంలోని పేర్లు కళ్లముందుకొచ్చేవి. సైతాను ప్రార్థనను చెడగొడుతున్నాడని మొదట్లో గద్దించాను. కొన్నాళ్లకు, చెడగొట్టేది సైతాను కాదేమోనని అనుమానం వచ్చింది.

ఇక్కడ మా ఇంట్లో చెప్పుకునే ఒక సంగతి గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా మా జిల్లాను ధాత కరువు తినేసింది. అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వే పని తెలిసిన మనిషి. అంబలి పోసి కూర్చోబెట్టకుండా, పని ఇచ్చి కూలి ఇప్పించి వేలమందిని బతికించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా, తిండి కోసం వచ్చి చేరారన్న మాట పడకూడదని. పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఈ 2222 అన్న అంకె మా సంఘాల్లో ప్రతి వార్షికోత్సవంలోనూ వినబడుతుంది. కాలువ కాంట్రాక్టు సంగతి అంతగా వినబడదు. మా తాత వాళ్ల తాత ఆ కాలువ మట్టి మోశాడని నాయనమ్మ చెప్పేది. ఆవిడ నోట క్లౌ దొర ఎప్పుడూ ప్రసంగీకుడు కాడు, "మనకి కూలి ఇప్పించిన దొర". మా ఇంటికి సువార్త వచ్చింది కూలి డబ్బుల దారిన. నా కాంట్రాక్టులో ఆ దారి మూసి ఉంది.

మార్చిలో చీటీ పాడాను. ఆ డబ్బుతో ముందు ఎవరికి ఎక్కువ ఆగిందో వాళ్లతో మొదలుపెట్టి, ఉన్న మనుషులందరి వెనక బాకీ తీర్చేశాను. ఇకమీదట శనివారానికి శనివారం నిండు కూలి అని చెప్పాను. రోజువారీ కావాలన్నవాళ్లకు ఏ రోజుది ఆ రోజే. వాళ్లు సంతోషిస్తారనుకున్నాను. అనుమానపడ్డారు. పని మూసేస్తున్నాడేమో, వేరే ఊరు పోతున్నాడేమో అని గుసగుసలు. వారం తిరక్కముందే, స్లాబ్ ముందు రోజు, ఇద్దరు సెంట్రింగ్ కుర్రాళ్లు మొత్తం డబ్బు తీసుకుని వేరే సైటుకు వెళ్లిపోయారు. నేను భయపడ్డట్టే జరిగింది. తోటి మేస్త్రీలు టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. "ఏం బావా, పాస్టరువి అవుతున్నావంటగా" అన్నాడొకడు. ఆ రాత్రి బైబిలు తీయబుద్ధి కాలేదు. పొద్దున మాత్రం అలవాటు కొద్దీ తీశాను. అలవాటుకు ఉన్న బలం అప్పుడు తెలిసింది. మనసు లేకపోయినా కాళ్లు కుర్చీ దగ్గరికి వెళ్తాయి.

కూలి సకాలంలో ఇవ్వాలంటే నాకూ సకాలంలో రావాలి కదా. ఓనర్లతో ఒప్పందం మార్చాల్సి వచ్చింది. మామూలుగా పునాది, బేస్‌మెంట్, లింటెల్, స్లాబ్, ప్లాస్టరింగ్ అని మెట్లు ఉంటాయి, ఒక్కో మెట్టు అయ్యాక డబ్బు. నేను ప్రతి మెట్టుకీ కూలీల వంతు ముందే సగం, తర్వాత వారం వారం ఇవ్వాలని అడగడం మొదలుపెట్టాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు వేరే మేస్త్రీని చూసుకున్నారు. ఒకాయన విశ్వాసి, మంచి ఉద్యోగం, రెండంతస్తుల ఇల్లు. "బ్రదర్, మన మధ్య డబ్బు మాటలేంటి, దేవుడు చూసుకుంటాడు" అన్నారు. ఆ పని వదులుకున్నాను. దేవుడు చూసుకుంటాడు అన్న మాట ఎక్కువగా డబ్బు ఇవ్వాల్సినవాళ్ల నోటి నుంచే వస్తుందెందుకో.

ఆ ఏడు నాకు ఆదాయం తగ్గింది. ఇది కావాలనే రాస్తున్నాను. ఒకటి ఇస్తే వంద వస్తుందని మైకుల్లో చెప్పేవాళ్లు మా సంఘానికి కూడా వస్తుంటారు, వాళ్లకు నా హాజరు పుస్తకం, బ్యాంకు పుస్తకం రెండూ చూపించాలని ఉంటుంది.

ఏప్రిల్లో రాజుల రెండో గ్రంథం 12వ అధ్యాయం వచ్చింది. మందిరం బాగుచేయించడానికి వడ్రంగులకు, తాపీవాళ్లకు, రాళ్లు చెక్కేవాళ్లకు డబ్బు పంచినవాళ్లను ఎవరూ లెక్క అడగలేదట, వాళ్లు నమ్మకస్తులు కాబట్టి. మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే "మిమ్మల్ని అడుగుతారు" అంది. మేలో నెహెమ్యా గ్రంథం, యెరూషలేం గోడ మళ్లీ కట్టడం. 3వ అధ్యాయంలో ఎవరెవరు ఏ ద్వారం పక్కన ఎంత గోడ కట్టారో వరసగా పేర్లు. చాలామంది ఈ అధ్యాయం దాటేస్తారు. అది మస్టరు రోలు అని నాకు తెలుసు కాబట్టి ఒక్క పేరు వదలకుండా చదివాను. తమ గొప్పవాళ్లు పనికి మెడ వంచలేదని తెకోవీయుల గురించి ఒక మాట కూడా ఉంది అందులో. అంత పాత హాజరు పుస్తకంలో పని ఎగ్గొట్టినవాళ్లు కూడా ఎక్కారు.

పెళ్లిళ్ల నెలల్లో పట్టిక వెనకబడింది. ఎండాకాలం పని ఒత్తిడి, బంధువులు, ప్రయాణాలు. ఒక దశలో ఇరవై అధ్యాయాల దాకా పేరుకున్నాయి. మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట: పేరుకున్నవాటిని ఒకే పూట మింగకండి. ఈ రోజువి చదివేసి, పాతవి ఆదివారం మధ్యాహ్నం కాస్త కాస్త తీర్చుకోండి. ఫోన్లో ఆడియో కూడా వింటూ సైటుకు వెళ్లాను కొన్ని రోజులు, కానీ సైటుకు వెళ్లే ఆటోలో విన్నది మనసుకు పట్టదు.

బట్వాడాలో ఇంకో సంగతి తర్వాత గమనించాను. ఫోన్‌పే వచ్చాక ఆడకూలీల డబ్బు చాలావరకు మొగుడి ఫోనుకో కొడుకు ఫోనుకో పోతోంది. మా దగ్గర మాల్, అంటే కలిపిన సిమెంటు, అందించే పెద్దావిడ ఉంది, అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ కూలి ఎప్పుడూ కొడుకు నంబరుకే వేసేవాణ్ణి, సులువు కదా అని. ఒక శనివారం నోట్లు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. తడి సిమెంటుకి పగిలిన వేళ్లు, ఒక్కో నోటూ విడదీసి, వెలుతురు వైపు తిప్పి, రెండుసార్లు లెక్క పెట్టింది. దండం పెడుతుందేమో, కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అని ఎక్కడో మూల నాకు ఆశ ఉన్నట్టుంది. "యాభై తక్కువుంది మేస్త్రీ" అంది. నిజంగానే తక్కువుంది. ఇచ్చాను. కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి వారం నుంచి ఆడవాళ్లందరూ చేతికే ఇమ్మన్నారు. వాళ్ల మగవాళ్లలో ఇద్దరు నాతో చాన్నాళ్లు ముభావంగా ఉన్నారు.

ఆడకూలి రేటు మగకూలి రేటు కంటే తక్కువగా ఉండటం అలాగే ఉంది. కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద ఉన్న రేటే నేనూ ఇస్తున్నాను. దాని గురించి మా ఆవిడకూ నాకూ వాదన నడుస్తూనే ఉంది, ఆవిడ గెలిచేలా ఉంది.

నా నోరు సంగతి కూడా చెప్పాలి. సైటు మీద బూతు లేకుండా పని జరగదని మాలో ఒక నమ్మకం. జూలైలో 141వ కీర్తన దగ్గర "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అన్న వాక్యం కనబడింది. ప్రార్థన చేశాను, ఉపవాసం ఉన్నాను, సైటుకెళ్లి తిట్టాను. ఇలా లాభం లేదని కుర్రాళ్లతోనే ఒక ఒప్పందం చేసుకున్నాను. నా నోట బూతు వస్తే ఆ పూట అందరికీ టీ ఖర్చు నాది. కొందరు టీ కోసమే నన్ను రెచ్చగొట్టేవాళ్లు. దేవుడు నా నోటికి పెట్టిన కావలి ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్ల గుంపు అని ఒప్పుకోవాలి. స్లాబ్ రోజున మబ్బు పట్టి, మిక్సర్ మొరాయించి, మనుషులు తక్కువైతే మాత్రం ఇప్పటికీ టీ ఖర్చు తప్పడం లేదు. టెన్షన్ అలాంటిది.

ఆగస్టు ఆఖర్లో యిర్మీయా 22వ అధ్యాయం. అన్యాయంగా ఇల్లు కట్టించుకుని, పనివాడికి జీతం ఇవ్వకుండా ఊరికే చాకిరీ చేయించుకునేవాడికి శ్రమ, అంటే కీడు తప్పదు అంటాడు ప్రవక్త. పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు, అన్నీ వర్ణిస్తాడు, ఇంటీరియర్ డిజైనర్ చెప్పినట్టు. ఆ తర్వాత, ఆ ఇల్లు కట్టించుకున్న రాజుతో వాళ్ల నాన్న యోషీయా గురించి చెబుతాడు. అతను దీనుల పక్షాన, బీదల పక్షాన న్యాయం తీర్చాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడు అడుగుతాడు. దేవుణ్ణి ఇంకా దగ్గరగా తెలుసుకోవాలని ఎన్ని కూడికలకు తిరిగానో, ఎన్ని రాత్రులు జాగరణ చేశానో. ఆ ఏడ్పుకు జవాబు ఇంత మామూలుగా, కూలి డబ్బుల పక్కనే రాసి పెట్టి ఉంటుందని అనుకోలేదు. పట్టికలో ఆ రోజు గడిని మా ఆవిడ ఎర్ర పెన్నుతో కొట్టింది.

ఆ నెలలోనే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుల పని పట్టుకున్నాను. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే నమోదు చేస్తారు. ఆ 90 రోజులకు పని ఇచ్చినవాడి సంతకం అడుగుతారు. మేస్త్రీలం ఆ కాగితం మీద సంతకానికి వెనకాడతాం, రేపు ఏం మెడకు చుట్టుకుంటుందోనని. నాకు చేతనైనంతమందికి చేయించాను. ఇందులో ఆత్మీయత ఏముంది అని సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. ఏం చెప్పాలో తెలియక, పిట్టగోడ లాంటిదే అండీ అన్నాను. ఆయన ద్వితీయోపదేశకాండం దాకా చదివినట్టు లేరు.

అక్టోబరులో కొత్త నిబంధనలోకి వచ్చేసరికి మా వైపు వానలు పట్టుకున్నాయి. పని లేదు, చదవడానికి టైము బోలెడు. పేరుకున్నవన్నీ అప్పుడు తీరాయి. లూకా 19లో జక్కయ్య అనే సుంకం వసూలుచేసేవాడు, అన్యాయంగా తీసుకున్నవాళ్లకు నాలుగంతలు ఇస్తానంటాడు. సండేస్కూల్లో మేం అతను యేసును చూడ్డానికి మేడిచెట్టు ఎక్కిన కథ మాత్రమే నేర్చుకున్నాం. నాలుగంతలు నావల్ల కాదు. లేవీయకాండం 6లో, సంఖ్యాకాండం 5లో చదివింది వెతికి మళ్లీ చూశాను. మొత్తం తిరిగి ఇచ్చి, దానికి అయిదో వంతు కలపాలి. అది నా తాహతులో ఉంది. వాన పడుతుంటే పాత హాజరు పుస్తకాలు దించాను. కొన్నింటిని చెదలు తిన్నాయి. మిగిలినవాటిలో, కూలి ఆగిపోయి మళ్లీ రాని పేర్లు ఒక కాగితం మీద రాశాను. డిసెంబరులో యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదివే వేళకు ఆ కాగితం బైబిల్లోనే ఉంది. "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అన్న వాక్యం పక్కన.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఇవ్వడం తేలికే అయింది, మొహం చెల్లక కాస్త ఇబ్బంది, అంతే. దూరం వాళ్ల సంగతే తేలలేదు. పాస్టరు గారిని అడిగాను. ఆయన సంఖ్యాకాండం 5 తీసి, పుచ్చుకోవడానికి బంధువెవరూ లేకపోతే అది యెహోవాకు చెంది యాజకునికి పోతుందని చూపించి, "నా దాకా రానివ్వకండి, ముందు బాగా వెతకండి" అని నవ్వారు. కానుక పెట్టెలో వేసి చేతులు దులుపుకోవడం నాకూ ఇష్టం లేదు. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే లేబరుతో కబురు పంపాను. విజయనగరం వైపు ఒక మనిషి నంబరు దొరికింది. ఫోన్ చేసి, మేస్త్రీని, నీ పాత కూలి డబ్బులు పంపిస్తాను అంటే, ఇదేదో సైబర్ మోసం అనుకుని పెట్టేశాడు. మర్నాడు వాళ్లావిడ చేసింది. ఏ సైటు, ఏ ఏడు, పక్కన ఎవరు పనిచేశారు, అన్నీ అడిగి నమ్మకం కుదిరాక నంబరు ఇచ్చింది. పంపాను.

కాసేపటికి మళ్లీ ఫోన్. "ఎక్కువొచ్చినాయి, ఏటిది?"

అయిదో వంతు కలిపానని, బైబిల్లో అలా ఉందని చెప్పాను.

"వడ్డీయా?"

అలాగే అనుకోమ్మా అన్నాను. వేళ్ల మీద లెక్క కట్టినట్టుంది, కొంచెం ఆగి, "అన్నేళ్లకి ఇది తక్కువే" అంది.